మా బాబాయికి రెండూ ఉన్నాయి

2018 డిసెంబరు చివర్లో ఒక తెల్లవారుజామున మా బాబాయిని ఆటోలో కూర్చోబెట్టుకుని గుంటూరు బయల్దేరాం. పడుకోబెట్టే వీల్లేదు, వెనక్కి వాలితే ఊపిరి ఆగిపోతోంది. డ్రైవరు సీటు వెనకాల కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తి, ప్రతి ఊపిరికీ మెడ నరాలు ఉబ్బేలా లాగుతున్నాడు. మంచు బాగా పడుతోంది. పిన్ని శాలువా కప్పబోతే తోసేశాడు. "కిటికీ... తియ్యండి" అన్నాడు. ఆటోకి కిటికీలెక్కడివి? రెండు పక్కలా చలిగాలి కొడుతూనే ఉంది. ఆ గాలి ఆయన లోపలికి మాత్రం పోవడం లేదు.

ఐసీయూలో ఆరు రోజులున్నాడు. ముఖానికి బిగించిన మాస్కుతో మెషీన్ గాలి పంపింది. బతికాడు.

దానికి ముందు నాలుగు నెలల్లో ఆయన ఒక్క పూట కూడా మందు మానలేదు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. చీటీలో ఏది రాస్తే అది, ఎన్నిసార్లు పీల్చమంటే అన్నిసార్లు, గడియారం చూసుకుని మరీ పీల్చాడు. మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశాం. ఈయన రాసిన మందు రాసినట్టు వాడి ఐసీయూకి వెళ్లాడు. ఎందుకలా జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒకే మనిషికి ఊపిరికి సంబంధించిన రెండు జబ్బులుంటే ఇలా జరగొచ్చని తెలిశాక ఊరికే ఉండబుద్ధి కాలేదు.

బాబాయిది పల్నాడు. 1961లో పుట్టాడు. చిన్నతనంలో పిల్లికూతలు. ముసురు పడితే చాలు, రాత్రంతా దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడట. మా నాయనమ్మ అడ్డసరం ఆకు కషాయం కాచి పోసేది. మూడేళ్లు వరసగా మృగశిర కార్తెకి రైలెక్కించి హైదరాబాదు పాతబస్తీ తీసుకెళ్లి, దూద్‌బౌలిలో చేప మందు వేయించుకొచ్చారు. నోట్లో పసుప్పచ్చటి మందు పెట్టిన బతికున్న కొరమీను పిల్లని గొంతులో వదిలితే అది జారుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయని ఆయనే చెబుతాడు. పదమూడో ఏటికల్లా ఆయాసం పోయింది. చేప మందు పనిచేసిందని ఇంట్లో అందరూ నమ్మారు. చిన్నప్పుడు ఉబ్బసం ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ వయసులో అది దానంతట అదే తగ్గుతుంది. కొందరికి పెద్దయ్యాక మళ్లీ తిరగబెడుతుంది. ఈ రెండో మాట మాకెవరూ చెప్పలేదు.

పంతొమ్మిదో ఏట సిగరెట్టు అలవాటైంది. తర్వాత ముప్పయ్యేళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశాడు. ఎండాకాలం సీజన్లో ఆ యార్డు గేటు దాటిన ఎవరికైనా తుమ్ములు, దగ్గు తప్పవు. ఈయన రోజుకి పది గంటలు ఆ కారం ధూళిలో బస్తాలు లెక్కపెట్టి, మధ్యలో బయటికొచ్చి సిగరెట్టు వెలిగించేవాడు. యాభయ్యో ఏట మెట్లెక్కితే రొప్పు మొదలైంది. పొద్దున్నే తెమడ. డాక్టరు దగ్గరికెళ్తే అడిగిన మొదటి ప్రశ్న "సిగరెట్టు తాగుతారా?" అని. తాగుతానన్నాడు. ఎక్స్‌రే తీశారు, సీఓపీడీ అన్నారు, ఏళ్ల తరబడి పొగ పీల్చినవాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అది. అక్కడితో ప్రశ్నలు అయిపోయాయి. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా అని ఎవరూ అడగలేదు. ఆయనకీ చెప్పాలని తోచలేదు. ఎప్పుడో ముప్పై అయిదేళ్ల కిందట చేప మింగితే పోయిన జబ్బు గురించి ఇప్పుడెందుకు చెబుతాడు?

ఉబ్బసానికీ సీఓపీడీకీ పైకి కనిపించేది ఒకటే: ఆయాసం, దగ్గు, కూత. లోపల జరిగేది వేరు. ఉబ్బసంలో గాలి గొట్టాలు వాచి బిగుసుకుంటాయి, మందు పడితే వదులవుతాయి. ఇవాళ ప్రాణం పోతుందనిపించిన మనిషి ఎల్లుండి పొలం వెళ్తాడు. సీఓపీడీలో ఏళ్ల తరబడి పీల్చిన పొగ వల్ల గొట్టాలు శాశ్వతంగా ఇరుకవుతాయి, చివర ఉండే గాలి సంచుల గోడలు చిరిగిపోతాయి. పోయింది తిరిగిరాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. మరి ఒకే మనిషికి రెండూ ఉంటే? ఉబ్బసం ఉన్నవాడు సిగరెట్టు కాల్చకూడదని రూలేమీ లేదు కదా. కట్టెల పొయ్యి ముందు ముప్పయ్యేళ్లు కూర్చున్న ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉండకూడదనీ లేదు.

మొదట్లో బాబాయికిచ్చిన పీల్చే మందులో రెండుండేవి. ఒకటి గొట్టాల్ని వదులుచేసేది, రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్. ఏళ్ల తరబడి దానితోనే బండి లాగాడు. 2018 ఆగస్టులో న్యుమోనియా వచ్చింది. తగ్గాక వేరే డాక్టరు దగ్గరికెళ్తే ఆయన చీటీలన్నీ ఓపిగ్గా చూసి, "పీల్చే స్టెరాయిడ్ వల్ల సీఓపీడీ వాళ్లకి న్యుమోనియా ముప్పు పెరుగుతుంది, ఇది తీసేద్దాం" అని, గొట్టాల్ని వదులుచేసే మందులు మాత్రమే ఉన్నది రాశాడు. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆయన చెప్పింది నిజమే. 2007లో వచ్చిన టార్చ్ అనే పెద్ద అధ్యయనంలో స్టెరాయిడ్ పీల్చిన సీఓపీడీ రోగులకి న్యుమోనియా ఎక్కువ వచ్చింది. ఒట్టి సీఓపీడీ మనిషికైతే ఆయన రాసింది సరైన చీటీయే.

కానీ ఉబ్బసం పుస్తకంలో దీనికి సరిగ్గా ఎదురుగా రాసి ఉంది. స్టెరాయిడ్ లేకుండా ఒట్టి గొట్టాలు వదులుచేసే మందు మీదే ఉబ్బసం మనిషిని ఉంచకూడదు. గొట్టం తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది, లోపల వాపు మాత్రం పెరుగుతూ పోతుంది. ఒకరోజు తట్టుకోలేనంతగా బిగుసుకుంటుంది. 2006లో అచ్చయిన స్మార్ట్ అధ్యయనంలో, అప్పటికి వాడుతున్న మందులకి తోడు గొట్టాలు వదులుచేసే సాల్మెటరాల్ అనే మందు కూడా రోజూ పీల్చినవాళ్లలో ఉబ్బసం చావులు ఎక్కువ కనిపించాయి. తక్కువ సంఖ్యే, కానీ స్పష్టంగా ఎక్కువ. ఉబ్బసం మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ జినా 2019లో ఇంకో అడుగు వేసి, అవసరమైనప్పుడు కొట్టుకునే సాల్బుటమాల్ పంపు ఒక్కదానితోనే ఉబ్బసానికి వైద్యం చేయొద్దని చెప్పేసింది. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా కూడా అమ్ముడుపోయే పంపు అది.

ఒక పుస్తకం తీసేయమంది, ఇంకో పుస్తకం తీస్తే చచ్చిపోతాడంది. మా బాబాయి ఆ రెండింటి మధ్యలో పడ్డాడు.

ఐసీయూ నుంచి బయటికొచ్చిన ఆరు వారాలకి ఒక ఛాతీ డాక్టరు పీఎఫ్‌టీ అనే ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష చేయించమన్నారు. ఏడేళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుకి మందులు వాడుతున్న మనిషికి ఊపిరి కొలవడం అదే మొదటిసారి. అంతకుముందు రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, ఒకసారి సీటీ కూడా తీశారు. ఊదించి చూసినవాళ్లు లేరు.

ఆ గదిలో నేనూ ఉన్నాను. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి టెక్నీషియన్ అమ్మాయి "గాలి నిండా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా ఇంకా..." అని అరుస్తుంటే బాబాయి మొహం వంకాయ రంగుకొచ్చింది. మూడుసార్లు ఊదించింది. తర్వాత సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు పీల్పించి, పదిహేను నిమిషాలు బయట బల్ల మీద కూర్చోమంది. మళ్లీ మూడుసార్లు ఊదించింది. అంతే పరీక్ష. సూది లేదు, నొప్పి లేదు, అరగంట పని.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మందుకి ముందు, మొదటి సెకనులో ఊదిన గాలి 1.10 లీటర్లు. మందు తర్వాత 1.54. అంటే 440 మిల్లీలీటర్లు పెరిగింది. 200 మిల్లీలీటర్లు, దాంతోపాటు 12 శాతం దాటి పెరిగితే గొట్టాలు మందుకి తెరుచుకుంటున్నట్టు లెక్క. 400 దాటిందంటే ఉబ్బసాన్ని గట్టిగా అనుమానించాల్సిందే. అంత పెరిగాక కూడా మొత్తం ఊదిన గాలి 2.75 లీటర్లలో మొదటి సెకనుది 0.56 వంతు దగ్గరే ఆగిపోయింది. మందు పీల్చాక కూడా 0.70 దాటకపోతే అది తిరిగిరాని ఇరుకు, సీఓపీడీ. రక్తంలో ఇస్నోఫిల్స్ మైక్రోలీటరుకి 480 ఉన్నాయి. మన ఊళ్లల్లో ఇస్నోఫీలియా అంటుంటారే, ఆ కణాలే. సీఓపీడీలో కూడా 300 దాటితే పీల్చే స్టెరాయిడ్ మేలు చేసే అవకాశం ఎక్కువని పుస్తకాలే చెబుతున్నాయి. ఆ లెక్క ఆయన పాత రక్తపరీక్షల్లోనూ ఉంది. మూడేళ్ల కిందటి కాగితంలో 510. ఎవరూ దాని వంక చూడలేదు.

డాక్టరు ఆ గీతలు చూసి, "చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా?" అని అడగలేదు. "ఉండే ఉండాలే, ఎప్పుడు తగ్గింది?" అన్నారు. బాబాయి నా వంక చూశాడు. ఆ చూపు మర్చిపోలేను.

ఇలా రెండూ కలిసి ఉండటానికి 2014లో జినా, సీఓపీడీ మార్గదర్శకాలు రాసే గోల్డ్ కలిసి ఒక పేరు పెట్టాయి: ఉబ్బసం-సీఓపీడీ ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్. 2017కల్లా సిండ్రోమ్ అన్న మాట తీసేశారు, ఎందుకంటే ఇది ఒకే జబ్బు కాదు, రకరకాల దారుల్లో ఇక్కడికొచ్చినవాళ్ల గుంపు. మేం పరీక్ష చేయించిన మరుసటి ఏడు, 2020లో, గోల్డ్ ఆ పేరునే వదిలేసింది. ఉబ్బసం వేరు, సీఓపీడీ వేరు, ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు, అంతే తప్ప మూడో పేరు అక్కర్లేదని వాళ్ల వాదన. అసలీ గొడవ ఇప్పటిది కాదు. 1961లోనే నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఓరీ అనే డాక్టరు, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు కావచ్చన్నాడు. బ్రిటిష్ వైద్యులు కాదన్నారు. ఆ చర్చ అరవయ్యేళ్లు దాటినా నడుస్తూనే ఉంది.

పేరు ఉండాలా వద్దా అన్నదాంట్లో నాకు పట్టింపు లేదు. పేరు తీసేసిన గోల్డ్ కూడా ఒక మాట తీయలేదు: సీఓపీడీ మనిషిలో ఉబ్బసం కూడా ఉందని అనుమానం వస్తే మందుల విషయంలో ముందు ఉబ్బసం దారినే పట్టుకోండి. పీల్చే స్టెరాయిడ్ ఉండి తీరాలి. పై స్థాయిలో ఎంత కొట్టుకున్నా ఈ ఒక్క చోట రెండు పక్షాలూ ఒకటే మాట మీదున్నాయి. మరి ఆ మాట సత్తెనపల్లి దాకా, మాచర్ల దాకా ఎందుకు రాలేదు?

ఒక కారణం చాలా లోతుగా ఉంది. మందుల ట్రయల్స్‌లో ఎవరిని తీసుకుంటారో చూడండి. ఉబ్బసం మందు ట్రయల్ అయితే బాగా సిగరెట్లు తాగినవాళ్లని చాలావరకు చేర్చుకోరు. సీఓపీడీ ట్రయల్ అయితే ఉబ్బసం చరిత్ర ఉన్నవాళ్లని చాలావరకు చేర్చుకోరు. ఫలితం శుభ్రంగా రావాలంటే అలాగే చేయాలి, అర్థం చేసుకోగలను. కానీ అలా రెండు తలుపుల దగ్గరా వెనక్కి పంపేసిన మనిషే మా బాబాయి. ఆయన లాంటివాళ్లని పక్కనపెట్టి రాసిన పుస్తకాల్లోంచి ఆయనకి చీటీ రాస్తారు. రెండూ ఉన్నవాళ్లకి ఒక్కటే ఉన్నవాళ్ల కంటే ఎక్కువసార్లు ఆయాసం ముదురుతుందని, ఎక్కువ ఇబ్బంది పడతారని వైద్యులే చెబుతారు. ఎక్కువ కష్టం ఉన్నవాళ్ల మీదే తక్కువ పరిశోధన ఉండటం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

పిన్ని సంగతి కూడా చెప్పాలి. బాబాయి దగ్గుతుంటే అందరూ సిగరెట్టని తిట్టారు. పిన్ని దగ్గితే దుమ్ము ఎలర్జీ అన్నారు, ఉబ్బసం అన్నారు. ఆవిడ జీవితంలో బీడీ ముట్టలేదు కాబట్టి సీఓపీడీ అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పత్తి కట్టె, పిడకలు, పొగ పోయే దారి లేని వంటిల్లు. 1999లో వచ్చిన దీపం పథకంలో గ్యాస్ పొయ్యి ఇంటికొచ్చింది కానీ దాని మీద టీ, చుట్టాలొస్తే ఉప్మా. స్నానాల నీళ్లు, గేదెకి దాణా, పెద్ద గిన్నెలో అన్నం అన్నీ కట్టెల పొయ్యి మీదే. సిలిండరు అయిపోతుందని భయం. బాబాయి పరీక్షైన నెలకి ఆవిణ్ణి కూడా అదే గదికి తీసుకెళ్లాం. మొదటిసారి ఊదగానే దగ్గు తెర ఆగలేదు. "పొయ్యి ఊదినట్టు ఊదవే" అన్నాడు బాబాయి. "ఆ ఊపిరే ఉంటే ఇక్కడికెందుకొస్తాం" అంది పిన్ని. మందు పీల్చాక కూడా ఆవిడ గీత ఒక్క గీటు కదల్లేదు. ఆవిడది సీఓపీడీ.

మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ ఉన్నవాళ్లు 5.53 కోట్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు 3.79 కోట్లు అని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో అచ్చయిన అంచనా. సీఓపీడీ వల్ల పోతున్న ఆరోగ్యకరమైన జీవితకాలంలో 53.7 శాతానికి గాలి కాలుష్యం కారణమైతే, పొగాకుది 25.4 శాతం. వంటింటి పొగ కూడా ఆ గాలి కాలుష్యంలోదే. అంటే "సిగరెట్టు తాగుతారా?" అనే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి ముగించే వైద్యం మన దేశంలో చాలామంది విషయంలో దారి తప్పుతుంది. తాగినవాడి ఉబ్బసం కనబడదు, తాగనామె సీఓపీడీ కనబడదు. మా ఒక్క ఇంట్లోనే రెండూ జరిగాయి.

ఇక స్టెరాయిడ్ భయం. బాబాయికి ఆ మందు మళ్లీ మొదలుపెట్టగానే వీధిలో నలుగురూ "స్టెరాయిడా, అలవాటైపోతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, ఎముకలు గుల్ల" అన్నారు. నేను లెక్క చెప్పాను. ఆయన పీల్చేది రోజుకి 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్. ఆయాసం ముదిరినప్పుడల్లా మింగించిన స్టెరాయిడ్ బిళ్ల ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులు, వాటి బలాలూ వేరు కాబట్టి నేరుగా పోల్చకూడదు, అయినా ఒకటి ఎక్కువగా గొట్టాల్లోనే పనిచేస్తుంది, ఇంకోటి ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చే స్టెరాయిడ్ తీసేసిన ఆ నాలుగు నెలల్లో ఆయన మూడుసార్లు ఆ బిళ్లల కోర్సు మింగాడు. స్టెరాయిడ్ వద్దని మానేస్తే వంటికి చేరింది ఎక్కువ స్టెరాయిడే. న్యుమోనియా భయం మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. అందుకే తక్కువ మోతాదు, ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించడం, జ్వరం తెమడ కలిసొస్తే ఆలస్యం చేయకపోవడం. ముప్పు రెండు వైపులా ఉన్నప్పుడు ఏది పెద్దదో చూసుకుని నడవాలి. మా బాబాయికి ఆ డిసెంబరు తెల్లవారుజామున ఏది పెద్దదో తేలిపోయింది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బీపీ మెషీన్ లేని క్లినిక్ మన ఊళ్లో లేదు. షుగర్ ఎంతుందో వేలి మీద చుక్కతో ఇంటి అరుగు మీదే చూస్తున్నారు. షుగర్ కొలవకుండా షుగరు బిళ్ల రాస్తే మనం ఒప్పుకుంటామా? ఊపిరి కొలవకుండా ఏడేళ్లు ఊపిరి మందులు రాస్తే ఎందుకు ఒప్పుకుంటున్నాం? కనీసం ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఊపిరి కొలిచే మెషీన్ స్పైరోమీటరు ఒకటి, దాన్ని సరిగ్గా ఊదించగల ఒక మనిషి ఉండాలి. ఆ మనిషే ముఖ్యం. ఆ అమ్మాయి అంత గట్టిగా అరవకపోతే బాబాయి సగంలోనే ఆపేసేవాడు, ఆ కాగితానికి విలువుండేది కాదు.

అది వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. డాక్టరు అడగకపోయినా చెప్పడం. ఆయాసం ఏ వయసులో మొదలైంది, మధ్యలో పోయి మళ్లీ వచ్చిందా, ముసురుకి, దుమ్ముకి, రాత్రి పూట పెరుగుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఎన్నాళ్లు పొయ్యి ముందు కూర్చున్నారు, ఎన్నాళ్లు ఏ ధూళిలో పనిచేశారు. టీబీ వచ్చి తగ్గి ఉంటే అది కూడా, ఎందుకంటే ఆ మచ్చలూ ఊపిరికి అడ్డం పడతాయి. చేప మందు వేయించుకున్నది కూడా చెప్పండి, సిగ్గుపడకండి. అది వేయించారంటేనే చిన్నప్పుడు ఆయాసం ఉందని అర్థం. మా ఇంట్లో ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ ఆటో ప్రయాణం ఉండేది కాదని నేను అనుకుంటూనే ఉంటాను.

బాబాయి సిగరెట్టు మానేశాడు, ఐసీయూ తర్వాత మళ్లీ ముట్టలేదు. ఆయన ఫైలు అట్ట మీద నేనే ఎర్ర సిరాతో పెద్దక్షరాలు రాశాను: "చిన్నప్పటి ఉబ్బసం ఉంది. పొగతాగిన సీఓపీడీ కూడా ఉంది. పీల్చే స్టెరాయిడ్ ఆపితే 2018లో ఐసీయూ." ఎక్కడికెళ్లినా ఆ ఫైలు సంచిలో ఉంటుంది. పోయిన శీతాకాలం ఖమ్మంలో ఒక పెళ్లికి వెళ్తే, హోమం పొగకి రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైంది. దగ్గర్లో కనిపించిన ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్నది చిన్నమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. ఫైలు లోపల తెరవకముందే అట్ట మీదిది చదివింది. నర్సుకి నెబ్యులైజర్ చెప్పి, ఇంజెక్షన్ పేరు చెప్పి, బాబాయి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"తాతగారూ, చిన్నప్పుడు ఎన్నో ఏట తగ్గింది?"

బాబాయికి మాట రావట్లేదు. మాస్కులోంచి పొగ లేస్తుంటే ఒక చేయి ఎత్తి పది వేళ్లూ చూపించబోయి, రెండో చేతికి సెలైన్ సూది ఉందని గుర్తొచ్చి, ఒక్క చేత్తోనే అయిదు, మళ్లీ అయిదు, ఆ తర్వాత మూడు వేళ్లు చూపించాడు.